తోడొచ్చిన మనిషి నోరు

ఖరగ్‌పూర్‌లో గానీ, ఇలాంటి మరో రైల్వే ఊళ్ళో గానీ కొత్తగా పళ్ళ డాక్టర్లుగా చేరే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పళ్ళ గురించి మీరు నా దగ్గర నేర్చుకోవలసింది ఏమీ లేదు. మీ పుస్తకాలు నా పుస్తకాలకంటే లావు, మీ యంత్రాలు నా యంత్రాలకంటే తక్కువ చప్పుడు చేస్తాయి. నేను చెప్పేది పళ్ళ చుట్టూ ఉన్న మిగతా నోటి గురించి. మన దగ్గరికి వచ్చేవాళ్ళు నోటిని పళ్ళు దాచుకునే సంచీ అనుకుంటారు. మనలోనూ కొందరు అలాగే అనుకుంటారు, కాకపోతే వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ ఉంటుంది.

నేను ట్రాఫిక్‌లో పుట్టాను. అది ఇక్కడి రైల్వే కాలనీ పేరు. బయట ఊళ్ళలో చదువుకునేటప్పుడు ఈ మాట చెబితే, మా అమ్మ ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఏదో ఇబ్బంది పడిందని జాలిపడేవారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు, నాన్నా అక్కడే చేశాడు. నేను చదువుకుని తిరిగివస్తే మా అమ్మ కాలనీ అంతటికీ నన్ను పరిచయం చేసిన తీరు ఇది: "మావోడు డాట్రేనండి. మరీ పెద్ద డాట్రు కాదు, పళ్ళ డాట్రు."

సొంత ఊళ్ళో ఉద్యోగానికి ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. లాభం, ఎవరూ మనకి భయపడరు. నష్టమూ అదే. కుర్చీలో కూర్చున్నావిడ చిన్నప్పుడు మనల్ని నిక్కరు లేకుండా చూసిన మనిషైతే, "పొగాకు మానెయ్యండి" అన్న మాటకి రావలసినంత బలం రాదు.

సేన్‌బాబు

నేను చేరిన ఆసుపత్రిలో దంత విభాగం అంటే ఒక కుర్చీ, ఒక దీపం, ఒక సేన్‌బాబు. మా పెద్ద డాక్టరు ఆయనే. ఏ పన్ను నొప్పి అని వచ్చినా ఆయన ఆ పన్ను జోలికి చివరికి వెళ్ళేవాడు. ముందు పెదవులు, తర్వాత బుగ్గల లోపలి వైపు, తర్వాత గుడ్డముక్కతో నాలుక కొస పట్టుకుని అటూ ఇటూ లాగి దాని అంచులు, నాలుక కింద, పైన అంగిలి, వెనక గొంతు. ఆఖరికి మెడకి రెండు వైపులా వేళ్ళతో తడిమి గడ్డలేమైనా ఉన్నాయా అని చూసేవాడు. పన్ను పట్టుకు మూలిగేవాడికి ఇదంతా అన్యాయంగా తోచేది. మొత్తం పని టీ చల్లారే లోపల అయిపోయేది. ఆయన టీ చల్లారనిచ్చేవాడు కూడా.

మొదటివారంలోనే ఆయన నాకొక మాట చెప్పాడు. "మీ తెలుగు ముసలమ్మలు వస్తే, ఓపొరే దేఖో." అంటే పైకి చూడు. నేను పుస్తకంలో నాలుక, బుగ్గ అని ఉందన్నాను. "ఆ పుస్తకం రాసినవాడికి మీ అమ్మమ్మ తెలియదు," అన్నాడు.

నిజమే. మా అమ్మమ్మ చుట్ట తాగేది, అదీ అడ్డపొగ. అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, ఆరిన కొస పెదవుల బయటికి ఉంచి తాగడం. మన వైపు ఆడవాళ్ళలో ఇది కొత్తేమీ కాదు. గాలికి నిప్పు ఆరదు, నుసి రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. నిప్పు వేడి, పొగ మొత్తం అంగిలికి తగులుతాయి. అది చూస్తూ పెరిగినవాణ్ణి కనక నాకు అదొక అలవాటుగానే కనిపించింది. జబ్బుకి దారి అని చెప్పడానికి ఒక బెంగాలీ బాబు కావలసివచ్చింది.

సేన్‌బాబు మహానుభావుడే గానీ జర్దా కిళ్ళీ మనిషి. డబ్బా సొరుగులో ఉండేది. ఒకరోజు వర్క్‌షాపు ఫిట్టర్ ఒకాయనకి ఖైనీ పొగాకు నమిలితే ఏమేమి అవుతుందో అరగంట బోధించాడు. ఆ ఫిట్టర్ శ్రద్ధగా విని, లేస్తూ, ఎంతో వినయంగా అడిగాడు: "దాదా, మీది ఏ కొట్టు కిళ్ళీ?" మర్నాటి నుంచి ఆ సొరుగులో డబ్బాకి బదులు దూది పెట్టుకున్నాం. పిల్లలూ, రోగి మన నోరు కూడా చూస్తుంటాడు. దీపం లేకుండానే చూస్తాడు.

అడిగే పద్ధతి

పైవాళ్ళు మాకు అప్పుడప్పుడు గోడకి అంటించే బొమ్మలు పంపేవారు. పుర్రె, క్యాన్సర్‌కి గుర్తుగా ఎండ్రకాయ, కుళ్ళిన దవడ. వాటిని చూసి మగవాళ్ళు భయపడేవారు. భయం వేస్తే మనిషి ఏం చేస్తాడు? బయటికి వెళ్ళి ఒక బీడీ వెలిగిస్తాడు. ఆడవాళ్ళు అసలు భయపడలేదు. "పాపం, ఎవులో మగోడు," అని బొమ్మమీద జాలిపడి వచ్చి కూర్చునేవారు.

ప్రశ్నలదీ అదే గతి. "సిగరెట్ తాగుతారా?" అంటే లేదు. "బీడీ?" అంటే ఛీ. "పొగాకు?" అంటే పన్ను నొప్పికి ఎప్పుడైనా. అన్నీ నిజమైన జవాబులే. కోడలు పక్కనుండగా ఏ అత్తగారూ చుట్ట పేరెత్తదు. అందుకని నేను అడిగే తీరు మార్చాను. "అడ్డంగా తాగుతారా, తిన్నగానా?" అని అడిగేవాణ్ణి. అలా అడిగితే ఏదో ఒకటి ఒప్పుకోవాలి. మా కాలనీ ఆడవాళ్ళకి రోషం ఎక్కువ. మగవాళ్ళలా తాగుతారని మనం అనుకోవడం వాళ్ళకి ఇష్టం ఉండదు.

ఫుచ్కా

ఇప్పుడు అసలు కథ. నేను రిటైర్ కావడానికి కొంతకాలం ముందు నిమ్‌పురా రైల్వే కాలనీ నుంచి ఇద్దరు వచ్చారు. ఒకడు సింహాద్రి, వ్యాగన్ షెడ్‌లో టెక్నీషియన్, పెళ్ళీడు కుర్రాడు. రెండో ఆవిడ వాళ్ళ మామ్మ అప్పలనరసమ్మగారు. రోగి సింహాద్రి. ఆవిడ తోడు.

మాట్లాడింది మాత్రం ఆవిడే.

"సూడండి డాట్రుబావూ, ఈడు నోరు తెరవడు. అన్నం పెట్టినా తెరవడు, తిట్టినా తెరవడు. ఆ ఫుచ్కా బండి కాడ ఫుచ్కా కొరుక్కు తింటన్నాడు. నీల్లన్నీ సొక్కా మీద. ఊరంతా నవ్వుతన్నారు."

ఫుచ్కా సంగతి తెలియనివాళ్ళకి చెబుతున్నాను: దాన్ని కొరికి తినకూడదు. చింతపండు నీళ్ళతో నింపిన ఆ పూరీ ఉండని మొత్తంగా నోట్లో వేసుకోవాలి. కొరికితే చొక్కా పోతుంది, బెంగాల్లో పరువు పోతుంది.

"మామ్మా, నువ్వు బయట కూకో," అన్నాడు సింహాద్రి, పళ్ళ సందుల్లోంచి.

"నానెందుకు కూకుంటాను? నీకు సంబందాలు సూస్తన్నాను. పిల్లని సూసినప్పుడు నోరు తెరిసి నవ్వకపోతే, మూగోడనుకుని ఎల్లిపోతారు."

నేను అతన్ని మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి పళ్ళ మధ్య పెట్టుకోమన్నాను. ఎవరి వేళ్ళు వాళ్ళ నోటికి సరిపోవాలి. అతనికి రెండు కూడా కష్టంగా వెళ్ళాయి. బుగ్గల లోపల వేలితో తడిమితే మెత్తగా ఉండవలసిన చోట నారలు తేలి, ఎండిన తోలులా బిగుసుకుపోయి ఉంది.

"ఏటి నమలుతున్నావు బాబూ?"

"ఏం లేదు సార్. మౌత్ ఫ్రెషనర్."

"ఫ్రెషనర్‌లో ఏముంటుంది?"

"వక్క సార్." కొంచెం ఆగాడు. "ఇంకో పేకెట్టు కలుపుతాను. షెడ్‌లో నిప్పు పనికిరాదు కదా సార్, బీడీ కాల్చనివ్వరు."

రైల్వే నియమాలు ఇంత శ్రద్ధగా పాటించే ఉద్యోగులు ఉన్నందుకు మనం గర్వపడాలి. నిప్పు నిషేధించిన చోటల్లా వక్కా పొగాకూ బుగ్గలోకి చేరతాయి. ఆ బిగువు ఒకసారి వస్తే పూర్తిగా పోదు, ముదిరితే క్యాన్సర్‌కి దారి తీయొచ్చు. ఈ మాట అతనికి చెప్పాను. ఇప్పుడే మానేస్తే అక్కడితో ఆపవచ్చనీ, వ్యాయామంతో కొంత తెరిపించవచ్చనీ చెప్పాను. మొదటి మాట అతను విన్నాడు. రెండో మాట అప్పలనరసమ్మగారు విని, "ఇన్నావేట్రా! నోటికి కసరత్తులంట! ఇన్నాళ్ళూ నాను తిట్టినప్పుడల్లా ఎదురు సెప్పుంటే కసరత్తు అయిపోయీదే!" అని తల వెనక్కి వేసి నవ్వారు.

పెద్ద నవ్వు. ఇంటిల్లిపాదికీ సరిపోయే నవ్వు. కుర్చీ దీపం ఇంకా వెలుగుతోంది. నేను సేన్‌బాబు శిష్యుణ్ణి కనక పైకి చూశాను.

నాను తోడొచ్చినదాన్ని

అంగిలంతా పొగ పట్టిన సున్నపు గోడలా తెల్లగా, బూడిదగా, చుక్కలు చుక్కలుగా ఉంది. అడ్డపొగ తాగేవాళ్ళకి అది మామూలే. మధ్యలో మాత్రం కుంకుమబొట్టంత ఎరుపు. ఆ ఎరుపు నాకు నచ్చలేదు.

"అమ్మా, మీరూ ఒకసారి కూర్చోండి."

"నాకేటి బావూ? నాను తోడొచ్చినదాన్ని."

"నొప్పేమైనా ఉందా, పైన?"

"ఏటీ లేదు. నాకు నొప్పంటే తెల్దు."

నొప్పి లేకపోవడం మీద పిల్లలకి ఒక మాట చెప్పాలి. నొప్పి ఉన్న మనిషి తనే వస్తాడు, మనం వెతకనక్కరలేదు. ఈ జబ్బు మొదట్లో చాలా మర్యాదగా ఉంటుంది, ఎవర్నీ ఇబ్బంది పెట్టదు. ఇబ్బంది పెట్టడం మొదలెట్టేసరికి సామానంతా సర్దుకుని కాపురం పెట్టేసి ఉంటుంది. కాబట్టి రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, మరీ ముఖ్యంగా ఎర్ర మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, మెడలో గడ్డ, వారాల తరబడి బొంగురుపోయిన గొంతు, మింగుడు పడకపోవడం, వీటిలో ఏదైనా ఉంటే "నొప్పి లేదు" అన్న మాటని శుభవార్తగా తీసుకోకండి. పొగాకుతోపాటు మందు కొట్టే అలవాటు కూడా ఉన్న మనిషైతే ఇంకా తొందరపడండి. ఆ రెండూ కలిసి పనిచేస్తాయి, మన ఆఫీసుల్లో లేనంత సఖ్యతగా.

"అడ్డంగా తాగుతారా, తిన్నగానా?" అని అడిగాను.

"తిన్నగా మగోలు తాగుతారు!" అన్నారావిడ అవమానంగా. అని, మనవడి వైపు చూసి నాలుక్కరుచుకున్నారు.

సింహాద్రి మొహం విప్పారింది, ఎంత విప్పారగలిగితే అంత. "మామ్మా! మానేసినానన్నావు! సింహాచలం అప్పన్న మీద ఒట్టేసినావు!"

"అప్పన్నకి తెలుసులేరా. నీకే తెల్దు."

ఆవిణ్ణి చుట్ట పూర్తిగా మానేసి రెండు వారాల్లో రమ్మన్నాను. పొగ వల్ల వచ్చిన మంటైతే తగ్గుతుంది. తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. ముక్క అన్న మాట దగ్గర ఆవిడ మొహం మూసుకుపోయింది.

సింగిల్ లైను

రెండు వారాలకి సింహాద్రి ఒక్కడే వచ్చాడు.

"మామ్మ రానంది సార్. కత్తి తగిల్తే పాకేస్తాదంట. పక్కింటి పిన్ని సెప్పింది, వాళ్ళ తోటికోడలికి అలాగే అయిందంట."

మీరు పనిచేసే ప్రతి ఊళ్ళోనూ ఈ పక్కింటి పిన్ని ఉంటుంది. ఆవిడ అబద్ధం చెప్పదు. తోటికోడలు నిజంగానే పోయి ఉంటుంది. కాకపోతే మరీ ఆలస్యంగా వచ్చి ఉంటుంది, కత్తి తర్వాత పోయింది కనక నింద కత్తి మీద పడి ఉంటుంది. ముక్క తీస్తే జబ్బు పాకదు. ముక్క తీయకుండా కూర్చుంటే పాకుతుంది. నేను ఈ వాక్యాన్ని మూడు భాషల్లో అందంగా చెప్పగలను. మూడు భాషల్లోనూ పక్కింటి పిన్నే గెలిచింది.

"నువ్వేం చేశావు మరి?" అని అడిగాను.

"నువ్వు కోయించుకుంటే నాను పేకెట్లు మానేస్తానన్నాను సార్."

"ఆవిడేమన్నారు?"

"నువ్వు ముందు మానెయ్, అప్పుడు కోయించుకుంటానంది."

సింగిల్ లైను మీద రెండు బండ్లు ఎదురెదురుగా ఆగి, నువ్వు ముందు కదులంటే నువ్వు ముందు కదులని కూర్చున్నట్టు తయారైంది వ్యవహారం. మధ్యలో ఆ ఎర్రబొట్టు మాత్రం ఎవరి సిగ్నల్ కోసమూ ఆగదు. అతని నోటి సంగతి నెలల లెక్క. ఆవిడది అంత తీరిక లేని సంగతి. ఇంకో వారం చూశాను. ఎవరూ రాలేదు. ఒక మధ్యాహ్నం టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కి నిమ్‌పురా వెళ్ళాను.

డాక్టరు ఇంటికి వెళ్ళకూడదని మీకెవరో చెప్పి ఉంటారు. మంచి నియమమే. అప్పుడప్పుడు తప్పండి.

అప్పలనరసమ్మగారు క్వార్టరు వెనక వరండాలో పీట మీద కూర్చుని చిన్నచేపలు శుభ్రం చేస్తున్నారు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి. నన్ను చూసి కంగారుగా గోడ వైపు తిరిగారు.

"చుట్ట మానేశారా అమ్మా?"

ఆవిడ గోడవైపే తిరిగి, మానేశానన్నట్టు గట్టిగా తలూపారు. మాట మాత్రం రాలేదు. ముక్కులోంచి సన్నటి పొగ వచ్చింది.

అంతలో సింహాద్రి డ్యూటీ నుంచి వచ్చి సైకిలు గోడకి ఆనించాడు. ఒక బుగ్గ ఎత్తుగా ఉంది.

"నువ్వైనా మానేశావా?"

అతనూ పెదవులు బిగించి, ఎంతో నిజాయితీగా తలూపాడు.

ఇద్దరు తెలుగువాళ్ళు ఒకచోట అంత నిశ్శబ్దంగా ఉండటం ఖరగ్‌పూర్‌లో నేను మరెప్పుడూ చూడలేదు.

ముందు నవ్వింది సింహాద్రి. మామ్మ ముక్కులోంచి వస్తున్న పొగ చూసి ఆపుకోలేకపోయాడు. కాలవ దగ్గరికి పరిగెత్తి బుగ్గలోది ఉమ్మేసి, గోడ పట్టుకుని నవ్వాడు. ఆవిడ చుట్ట బయటికి తీసి, ఎప్పట్లాగే తల వెనక్కి వేసి నవ్వడం మొదలుపెట్టారు. మధ్యలో ఆగిపోయారు. మనవడి వైపే చూస్తున్నారు. అతను భుజాలు అదిరేలా నవ్వుతున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నోరు మాత్రం వేలు పట్టేంతే తెరుచుకుంది. నవ్వు పళ్ళ సందుల్లోంచి బుస్సు బుస్సుమని వస్తోంది.

"ఒరే, నవ్వరా," అన్నారావిడ.

"నవ్వుతున్నాను కదా మామ్మా."

"అది నవ్వేట్రా?"

అతను ఇంకా తెరవబోయాడు. దవడ పట్టేసింది. బుగ్గమీద చెయ్యి పెట్టుకుని తల దించుకున్నాడు.

ఆవిడ నాతో అన్నారు, అతను అక్కడ లేనట్టే: "సిన్నప్పుడు ఈడు నవ్వితే కొండనాలిక కనిపించీది బావూ. మా ఆయన డూటీ నుంచి వచ్చి, ఆ మూలకి రాగానే ఈ నవ్వు ఇనిపించి సైకిలు దిగిపోయీవోడు. నడిసొస్తే ఇంకాసేపు ఇనొచ్చని."

చుట్ట చేపలున్న నీళ్ళలో పడేశారు. సుయ్‌మంది.

"రేపు కొయ్యండి. ఈడు పక్కన నిలబడాల. ఇదిగో, నీ జేబులోయి ముందు ఇలా పడెయ్. ఆ నీల్లలోనే."

సింగిల్ లైను క్లియరైంది. చేపలు మాత్రం పారబోయవలసి వచ్చిందని తర్వాత తెలిసింది.

ముక్క

మత్తు సూది వేసి, చిన్న ముక్క తీసి, దూది అదిమాను. ఆవిడ కళ్ళు మూసుకుని, సింహాద్రి మణికట్టు పట్టుకుని ఉన్నారు. అయిపోయిందన్నాను. కళ్ళు తెరిచి సీసాలో ముక్క చూశారు.

"ఇంతేనా?"

"ఇంతే."

"దీనికా నాను ముగ్గురు దేవుళ్ళకి మొక్కుకున్నాను!"

రిపోర్టు వచ్చిన రోజు నేను ఏం చెప్పాలో ఆలోచించుకుని, మొహం మామూలుగా పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ గుమ్మంలోనే ఆగి, "మొకం అలా పెట్టకండి, సెప్పేయండి," అన్నారు. మన మొహాలు మనం అనుకున్నంత మామూలుగా ఉండవు.

"ఉందమ్మా. క్యాన్సరే. కానీ ఇప్పుడే వచ్చింది. ఇంకా గుమ్మంలోనే ఉంది, లోపలికి రాలేదు. మెడలో కూడా గడ్డల్లేవు."

సింహాద్రి బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఆవిడ కాసేపు కిటికీ వైపు చూశారు. ఆ తర్వాత, "గుమ్మంలోనే ఉంటే గెంటేద్దారి," అన్నారు. "ఎవులు గెంటుతారు? మీరేనా?"

నేను కాదు, కోల్‌కతా సర్జన్లు అని చెప్పాను. ఆవిడ కొంచెం ఊపిరి పీల్చుకున్నట్టు అనిపించింది. నేను పళ్ళ డాక్టర్నే కదా అని నొచ్చుకోలేదు.

గొంతు

కోల్‌కతాలో అంగిలిలో ఆ భాగం, దాని మీది ఎముక కొంత తీసేశారు. తీసిన ముక్క అంచుల్లో జబ్బు లేదన్నారు, రేడియేషన్ లేకుండా కత్తితోనే సరిపోయింది. ముందు దొరకడం అంటే ఇదే. ఎప్పుడూ చిన్న సంగతిలా కనిపిస్తుంది. ఆలస్యంగా దొరికినవాళ్ళని చూసిన తర్వాత గానీ ఎంత పెద్ద సంగతో తెలియదు. వాళ్ళ గురించి ఇక్కడ రాయడం లేదు. మీకు ఎలాగూ కనిపిస్తారు.

అంగిలిలో చిల్లు ఉండిపోయింది. తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చేవి. మాట ముక్కులోకి వెళ్ళిపోయి ఎవరికీ అర్థమయ్యేది కాదు. సింహాద్రి వచ్చి, "మామ్మ తిట్టడం మానేసింది సార్," అన్నాడు. కుర్రాడు ఏడుపు మొహంతో చెప్పాడా మాట. ఆవిడ క్యాన్సర్‌కి భయపడింది తక్కువ. తన మాట తనకే వినిపించకపోవడానికి భయపడింది ఎక్కువ.

ఆ చిల్లు మూసే ప్లేటు చేయడం పళ్ళ డాక్టర్ పనే. కట్టుడుపళ్ళ సెట్టులా ఉంటుంది, పైన చిల్లులోకి చిన్న బుడిపె ఉంటుంది. నా ఉద్యోగంలో చివరగా శ్రద్ధగా చేసిన పని అది. గట్టిగా ఉంటే గుచ్చుకుంటుంది, వదులైతే నీళ్ళు కారతాయి. సవరించాం, మళ్ళీ సవరించాం. ఆవిడ ప్రతిసారీ ఓపిగ్గా కూర్చునేవారు. ఆ ఓపిక చూస్తే నాకు దిగులు వేసేది. అది ఆవిడ స్వభావం కాదు.

ఒకరోజు ప్లేటు పెట్టి, ఏదైనా మాట్లాడమన్నాను. ఆవిడ అనుమానంగా గొంతు సవరించుకుని, మూల నిలబడ్డ సింహాద్రి వైపు తిరిగారు.

"ఏట్రా అలా గుడ్లప్పగించి సూస్తన్నావు? కసరత్తు సేసినావా పొద్దున్న?"

ప్రతి అక్షరం స్పష్టంగా వచ్చింది. వరండాలో వంతు కోసం కూర్చున్న రోగులు కూడా లోపలికి తొంగిచూశారు. సింహాద్రి, "సేసినాను మామ్మా, సేసినాను!" అన్నాడు. ఎన్నాళ్ళుగానో ఆ తిట్టు కోసమే ఎదురుచూసినవాడిలా మెరిసిపోతున్నాడు.

కసరత్తు నిజంగానే చేస్తున్నాడు. ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ళ మధ్య పెట్టుకుని, అలవాటైన కొద్దీ ఒక్కో పుల్ల పెంచుకుంటూ పోవడం. మామ్మ ఎదురుగా కూర్చుని చూసేవారు. ఆవిడ చుట్టకి అతను కాపలా, అతని జేబుకి ఆవిడ కాపలా. నేను ఉద్యోగంలో చేసిన బోధనలన్నీ కలిపినా అంత పని చేయలేదు. పిల్లలూ, మానమని మీరు ఒక్కరే చెప్పకండి. ఇంట్లో వాళ్ళకి వాళ్ళే కాపలా ఉండే ఏర్పాటు చూడండి. మనం సాయంత్రం ఇంటికి వెళ్ళిపోతాం, వాళ్ళు వెళ్ళరు.

బండి దగ్గర

నేను రిటైరయ్యాక ఒక సాయంత్రం సింహాద్రి వచ్చి, మామ్మ రమ్మంటోందని నన్ను ఫుచ్కా బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పలనరసమ్మగారు ఇస్త్రీ చీర కట్టుకుని, ఆకు దొన్నె పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నీల్లు ఎవరైనా తాగుతారు బావూ. ప్లేటు బాగున్నాదో లేదో దీంతో తెలుస్తాది."

చింతపండు నీళ్ళు నిండిన ఫుచ్కా మొత్తంగా నోట్లో వేసుకున్నారు. నేను ఆవిడ ముక్కు వైపు చూశాను. సింహాద్రి చూశాడు. సంగతి ఏమీ తెలియని, ఫుచ్కా అమ్మే దాదా కూడా, మేం చూస్తున్నాం కదా అని చూశాడు. ఆవిడ నమిలారు, మింగారు, ఆగారు. ముక్కులోంచి ఒక్క చుక్క రాలేదు.

"కారం తక్కువైంది దాదా," అన్నారు.

తర్వాత సింహాద్రి వంతు. దాదా వెతికి బుల్లి ఫుచ్కా ఒకటి తీసి ఇచ్చాడు. అతని నోరు మునుపటిలా కాలేదు, అవదు కూడా. ఆ బుల్లిది మాత్రం కొరక్కుండా వెళ్ళింది. చొక్కా మీద మరక లేదు. అతను చేతులు పైకెత్తి నవ్వాడు. కొండనాలుక కనిపించలేదు గానీ నవ్వని మాత్రం తెలిసింది. మామ్మ ఆ నవ్వుని పరీక్షగా చూసి, "పరవాలేదు," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"మీరు? నోరు తెరండి."

"నాకేం లేదమ్మా. నేను తోడొచ్చాను."

"నానూ అదే అన్నాను."

వీధిదీపం కింద, ఫుచ్కా బండి పక్కన, తెలిసినవాళ్ళు సైకిళ్ళ మీద పోతుండగా నోరు తెరిచాను. ఆవిడ గడ్డం పట్టుకుని నా తల వెనక్కి వంచి, ముందు పైకి చూశారు.

"పైన బాగున్నాది." ఆ తర్వాత కిందికి చూశారు. "ఓలమ్మో! ఏటి బావూ, రెండు పళ్ళు పుచ్చిపోనాయి! ఎవులైనా మంచి డాట్రుకి సూపించుకోండి!"

మర్నాడే వెళ్ళాను. నా పాత కుర్చీలో ఇప్పుడు కొత్త డాక్టరమ్మ ఉంది, చురుకైన పిల్ల. నేరుగా పుచ్చిన పన్ను మీదికి వెళ్ళబోయింది. నేను తల వెనక్కి వాల్చి, నోరు ఇంకాస్త తెరిచి ఊరుకున్నాను. ఆ అమ్మాయి ఒక క్షణం ఆగింది. తర్వాత దీపం కొంచెం జరిపి, పైకి చూసింది.